మండువా ఇంటి పైకప్పు: తగ్గిన పెంకులు, తప్పిన కొలత (కేస్ స్టడీ)

ఈ కేసులోని ఇల్లు గోదావరి డెల్టాలోని ఒక పల్లెలో ఉంది. ఊరి పేరు, కుటుంబం వివరాలు వదిలేశాను. చదివేవారికి లెక్క సులువుగా ఉండేటట్లు ఇంటి పొడవు వెడల్పులను దగ్గరి అర అడుగుకు సవరించాను. పాత ఇళ్ల పైకప్పులకు అంచనాలు కట్టడం నా పనిలో ఒక భాగం. ఈ ఇంటి విషయంలో నాకంటే ముందు వేసిన లెక్క ఒక చోట తప్పింది, నేను వేసిన లెక్క మరొక చోట తప్పింది. ఆ రెండు తప్పులూ తరచుగా జరిగేవే కాబట్టి వివరంగా రాస్తున్నాను.

నేపథ్యం

ఇది నాలుగు వైపులా గదులు, నడుమ మండువా ఉన్న పాత లోగిలి. పైకప్పు ఇంటి చుట్టూ తిరిగి వస్తుంది. నడికొప్పు నుంచి, అంటే రెండు వాలులు పైన కలిసే గీత నుంచి, ఒక వాలు వీధి వైపుకు దిగితే, రెండోది మండువాలోకి దిగుతుంది. గోడల వెలుపలి అంచుల మధ్య తూర్పు పడమరలుగా 48 అడుగులు, ఉత్తర దక్షిణాలుగా 40 అడుగులు ఉంది. మండువా స్తంభాల మధ్య ఖాళీ 12 అడుగులకు 10 అడుగులు. బయటి చూరు గోడను దాటి 2 అడుగులు, లోపలి చూరు స్తంభాలను దాటి అడుగున్నర ముందుకు వచ్చాయి. గోడలు సున్నపు అడుసుతో కట్టినవి కాబట్టి వాన జల్లు తగలకుండా చూరు అంతగా దించారు. ఈ చూరే తర్వాత కథకు మూలం.

పైన ఉన్నది ఊళ్లో బెంగుళూరు పెంకు అని పిలిచే మంగుళూరు పెంకు. 1865లో బాసెల్ మిషన్ వారు మంగుళూరులోని జెప్పులో కార్ఖానా పెట్టినప్పటి నుంచి వ్యాపించిన రకం ఇది. గాళ్లు ఒకదానిలో ఒకటి కూర్చుని, వెనకనున్న ముక్కు రీపరుకు (వాసాల మీద అడ్డంగా కొట్టే సన్న చెక్కకు) తగులుకుని నిలబడుతుంది. పేరు ఒక్కటే అయినా కొలత ఒక్కటి కాదన్నది గుర్తుంచుకోవాలి. ఐ.ఎస్. 654 అనే భారతీయ ప్రమాణంలోనే ఈ పెంకుకు మూడు కొలతలు ఉన్నాయి. ఆ ప్రమాణం రాకముందు ఒక్కో కార్ఖానా అచ్చు ఒక్కో తీరుగా ఉండేది.

కుటుంబం వారు నన్ను పిలిచేసరికి రోహిణి కార్తె చివరికి వచ్చింది. పాత పెంకులన్నీ దింపేసి పెరట్లో దొంతులు పెట్టారు. ఉత్తరం, తూర్పు బయటి వాలులకు కొత్త రీపర్లు కొట్టి కొత్త పెంకు నేశారు. మిగిలిన కప్పంతా వాసాలు, పాత రీపర్లతో ఆకాశం కిందే ఉంది.

ఎదురైన సమస్య

నన్ను పిలిచింది కొలతలకు కాదు, తగాదా తీర్చడానికి. మేస్త్రి లెక్క ప్రకారం ఇంటికి కావలసినవి 2,520 పెంకులు. అందులో దాదాపు సగం పాతవి పనికొస్తాయని అనుకుని 1,350 కొత్త పెంకులు తెప్పించారు. రెండు వాలులు నేసేసరికే కొత్తవి అడుగంటాయి. సగం పైకప్పుకు మించి ఇంకా మిగిలి ఉంది. ఇంటి పెద్దాయనకు అనుమానం వచ్చింది. "రెండు పక్కలకే పదమూడు వందలు అయిపోతాయాండీ? లారీలోనే తక్కువ దింపారో, రాత్రిళ్లు ఎటైనా పోయాయో చూడండి" అన్నారు. మేస్త్రి తల వంచుకుని నిలబడ్డాడు. అతను ఆ ఊళ్లో ఇరవై ఏళ్లుగా నమ్మకంగా పనిచేస్తున్న మనిషి.

నేను ముందు చేసింది విస్తీర్ణం కొలవడం కాదు, ఉన్న పెంకులను లెక్కపెట్టడం. మాట పట్టింపు మీద నడుస్తున్న పనిలో ఎంత మంచి అంచనా ఇచ్చినా ఎవరూ వినరు, కనుక మొదట మనిషి మీదున్న అనుమానం తీరాలి. ఉత్తరం వాలు మీద 604, తూర్పు వాలు మీద 561, పగిలి పక్కన పడేసినవి 31, దొంతిలో మిగిలినవి 154. మొత్తం 1,350. ఒక్క పెంకూ పోలేదు. పెద్దాయన తానే దగ్గరుండి రెండోసారి లెక్కపెట్టించి, మేస్త్రితో "ఏమీ అనుకోకయ్యా" అన్నారు. అప్పటికి గానీ అసలు ప్రశ్నకు రావడం కుదరలేదు. పెంకులు పోనప్పుడు లెక్క ఎక్కడ తప్పింది?

మూడు అంకెలు

నా ముందు రెండు విస్తీర్ణాలు ఉన్నాయి. మేస్త్రిది 1,800 చదరపు అడుగులు. 48ని 40తో హెచ్చించి, మండువా 120 తీసేశాడు. చదరానికి, అంటే వంద చదరపు అడుగులకు, 140 పెంకులు వేసుకుని 2,520 అన్నాడు. రెండోది విదేశంలో ఉన్న పెద్దాయన కొడుకుది. ఉపగ్రహ చిత్రం మీద ఇంటి చుట్టూ గీత గీసి, దాదాపు 2,300 అడుగులని వాట్సాప్‌లో పంపాడు. ఇద్దరి మధ్యా 500 అడుగుల తేడా రావడంతో ఇంట్లో ఎవరి లెక్కనూ నమ్మని స్థితి ఏర్పడింది.

నిజానికి ఇద్దరూ తాము కొలిచినదాన్ని సరిగ్గానే కొలిచారు. మేస్త్రి కొలిచింది గోడల మధ్య నేల. ఉపగ్రహం చూసింది చూరు అంచుల దాకా ఉన్న కప్పు నీడ. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉన్నప్పుడు కప్పు నీడ నేల మీద ఎంత పడుతుందో అది అంత. బయట రెండేసి అడుగులు కలిపితే 52కి 44, అంటే 2,288. అబ్బాయి అంకె దీనికి దగ్గరగానే ఉంది, అయితే మండువా ఖాళీని తీయలేదు. ఆ ఖాళీ కూడా 12కి 10 కాదు, లోపలి చూరు అన్ని వైపులా అడుగున్నర చొప్పున మింగేయగా మిగిలేది 9కి 7, అంటే 63 చదరపు అడుగులే. కాబట్టి అసలు నీడ 2,225 చదరపు అడుగులు. ఇద్దరూ వదిలేసింది వాలు. నీడ మీద పెంకు నేయలేము, వాలు మీదే నేస్తాము.

వాలును కొలవడానికి ఉత్తరం వైపు అటక ఎక్కి, రసమట్టాన్ని (స్పిరిట్ లెవెల్) వాసానికి ఆనించి అడ్డంగా నిలిపాను. ఆనిన చోటు నుంచి సరిగ్గా అడుగు దూరంలో నిలువుగా వాసం దాకా టేపు పెడితే 7 అంగుళాలు వచ్చింది. అడ్డం 12, నిలువు 7 అయితే వాలు పొడవు రెంటి వర్గాల మొత్తానికి వర్గమూలం, అంటే 13.89. దాన్ని 12తో భాగిస్తే 1.158. దీన్ని వాలు గుణకం అందాం. కప్పులో అన్ని వాలులూ ఒకే ఏటవాలులో ఉంటే దానికి ఎన్ని మూలలున్నా, ఎన్ని పల్లాలున్నా ఫరవాలేదు. ఒక్కో ముక్కను విడిగా కొలవకుండా మొత్తం నీడను ఈ గుణకంతో హెచ్చవేస్తే విస్తీర్ణం వచ్చేస్తుంది. మూలవాసాల (రెండు వాలులు కలిసే మూలల్లోని వాసాల) దగ్గర త్రికోణాలు, అసమాన చతుర్భుజాలు చూసి భయపడేవారికి ఈ సంగతి పెద్ద ఊరట.

2,225ను 1.158తో హెచ్చిస్తే దాదాపు 2,576. కొత్త పెంకు అతుకులు పోను పొడవున 320 మిల్లీమీటర్లు, అడ్డంగా 210 మిల్లీమీటర్లు కప్పుతోంది. అంటే చదరపు మీటరుకు 15కు కొంచెం తక్కువ, చదరానికి 138. మేస్త్రి చెప్పిన 140 సరైన అంకేనన్న మాట. అతని సూత్రం తప్పలేదు, దాన్ని వేసిన విస్తీర్ణం తప్పింది.

ఇక్కడ ఒక సంగతి నన్ను కూడా ఆశ్చర్యపరిచింది. పెంకులు తగ్గాయంటే అందరూ ముందు వాలునే తలచుకుంటారు. ఈ ఇంట్లో చూరులు నీడకు కలిపింది 425 అడుగులు, అంటే 1,800 మీద 23 శాతానికి పైన. వాలు కలిపింది 351 అడుగులు, అంటే నీడ మీద 16 శాతానికి లోపే. బయట చుట్టుకొలత పెద్దదిగా ఉండి, లోపల మరో చూరు కూడా ఉన్న మండువా ఇళ్లలో చూరే పెద్ద దొంగ. రెండు వాలుల చిన్న ఇళ్లలో ఇది వంద పెంకుల తేడాగా కనబడి, పక్క ఊరి నుంచి తెచ్చుకోవడంతో సర్దుకుపోతుంది. అందుకే మేస్త్రికి ఇన్నేళ్లలో ఎప్పుడూ పట్టుబడలేదు.

నేను చేసిన తప్పు

మొత్తం 3,555 పెంకులు కావాలి. నరకడానికీ, పగలడానికీ నూటికి 5 కలిపితే 3,733. పెరట్లోని పాత పెంకులను ఒక్కొక్కటిగా వేలి కణుపుతో తట్టించి, గంట మోగినట్టు పలికినవి ఒక దొంతిగా, బొంగురుగా పలికినవి వేరుగా పెట్టించాను. మంచివి 1,640 తేలాయి. 3,733 నుంచి 1,350, 1,640 తీసేస్తే 743. కనుక 750 కొత్త పెంకులు తెప్పించండి అని చెప్పాను. అంకెలన్నీ కలిశాయి. నేను తృప్తిగా తిరిగి వచ్చాను.

వారం తర్వాత మేస్త్రి ఫోన్ చేశాడు. దక్షిణం వాలు అడుగు భాగంలో కొత్త పెంకు నేసి, పై భాగంలో పాతది ఎక్కించబోతే కూర్చోవడం లేదన్నాడు. వెళ్లి చూశాను. పాత పెంకు పొడవున 12 అంగుళాలు, అడ్డంగా 8 అంగుళాలు కప్పే అచ్చు. కొత్తది పొడవున 12.6, అడ్డంగా 8¼. కొత్త పెంకు కోసం కొట్టిన రీపర్ల మీద పాత పెంకు ముక్కు ఒక చోట తగిలితే తల గాడి మరో చోట తేలుతోంది. రీపరు దూరాన్ని మధ్యస్తంగా 12.3కు మార్చి చూడమన్నాను. అది నేను ఇచ్చిన మరొక చెడ్డ సలహా. అప్పుడు రెండు రకాలూ సరిగ్గా కూర్చోలేదు. చివరికి వాలు పై భాగానికి 12 అంగుళాల దూరంలో రీపర్లు వేసి, రెండు రకాలు కలిసే వరుస మీద నాలుగు బిందెల నీళ్లు పోయించాను. రెండో బిందెకే వాసం తడిసింది. అడ్డం కొలతలో పావు అంగుళం తేడా ఉండడం వల్ల, నాలుగు పెంకులు దాటేసరికి గాళ్లు అంగుళం పక్కకు జరిగి, పైవరుస నీటి దారి కింది వరుస అతుకు మీద పడుతోంది.

నా మొత్తం అంకె తప్పు కాదు. పని పూర్తయ్యాక లెక్క చూస్తే నిజంగా పట్టినవి 3,595, నేను పగుళ్లకు ముందు కట్టిన అంచనా 3,555. తేడా 40 పెంకులు మాత్రమే. అయినా పని ఆగిపోయింది. రెండు రకాల వస్తువును ఒకే రకం అనుకుని కూడడమే నా పొరపాటు. ఒక వాలు మీద ఒకే రకం నేయాలి అన్న నిబంధన నా లెక్కలో లేదు. ఆ నిబంధన ఉంటే మొత్తం విస్తీర్ణం సరిపోదు, ఏ వాలు ఎంతో విడివిడిగా తెలియాలి.

విడివిడిగా కొలిచినప్పుడు

ఈసారి ఒక అడుగు రసమట్టాన్ని నమ్ముకోలేదు. పాత వాసాలు నడుమ కొంచెం కిందికి వంగి ఉన్నాయి. అటువంటి వాసం మీద కొప్పు దగ్గర కొలిస్తే వాలు ఎక్కువగా, చూరు దగ్గర కొలిస్తే తక్కువగా కనిపిస్తుంది. అందుకే నీళ్ల గొట్టంతో చూరు మట్టాన్ని లోపలికి తెచ్చి, నడికొప్పు నుంచి తూకం గుండు వదిలి, మొత్తం ఎత్తును ఒకేసారి కొలిచాను. నాలుగు వైపులా అది 5 అడుగుల నాలుగున్నర అంగుళాలు. అంటే నడికొప్పు అంతటా ఒకే మట్టంలో ఉంది. కాని చూరు నుంచి కొప్పు దాకా అడ్డం దూరం ఉత్తర దక్షిణ వాలులకు 9¼ అడుగులు, తూర్పు పడమర వాలులకు 10¾ అడుగులు. ఎత్తు ఒకటే అయి వెడల్పు వేరైతే వాలు ఒకటి కాదు. ఉత్తర దక్షిణాలు అడుగుకు 7 అంగుళాలైతే, తూర్పు పడమరలు అడుగుకు 6 అంగుళాలే, గుణకం 1.118. ఒక్క ఉత్తరం వైపు కొలిచి అన్నిటికీ అదే అనుకోవడం వల్ల నా విస్తీర్ణంలో 45 అడుగులు ఎక్కువ వచ్చాయి. అది అదనంగా రావడం వల్ల నష్టం జరగలేదు. వాలు తక్కువున్న వైపు ముందు కొలిచి ఉంటే తక్కువ వచ్చేది.

ఒక్కో వాలు అసమాన చతుర్భుజం. ఉత్తరం బయటి వాలుకు చూరు పొడవు 52, కొప్పు పొడవు 30½, సగటు 41¼, వాలు వెంబడి లోతు 10.7 అడుగులు, వెరసి 441 చదరపు అడుగులు. తూర్పు బయటి వాలు 418. దక్షిణం, పడమర వాటికి జతలే. బయటివి నాలుగూ కలిపి 1,718, లోపలివి నాలుగూ కలిపి 813, మొత్తం 2,531.

ఇప్పుడు నిర్ణయం తీసుకోవాలి. మా ముందు మూడు దారులున్నాయి. అంతటా కొత్త పెంకే వేస్తే 1,640 మంచి పెంకులు వృథా అవుతాయి, లోపలి రీపర్లు కూడా మార్చాలి. పాతవి బయట వేద్దామంటే పాత పెంకు చదరానికి 150 పడుతుంది. బయటి వాలులకు 2,577 కావాలి, అన్ని లేవు. పైగా రెండు బయటి వాలులు ఇప్పటికే కొత్తవాటితో ముగిశాయి. లోపలి వాలులకైతే పాతవి 1,220, లోపలి వాలులు రెండేసి కలిసే పల్లపు మూలల్లో కోతకు మరికొన్ని చాలు, ఆ రీపర్లు 12 అంగుళాల దూరంలోనే చెక్కుచెదరకుండా ఉన్నాయి. జల్లు గాలి నేరుగా కొట్టేది బయటి వాలులనే కాబట్టి కొత్త పెంకు అక్కడ ఉండడం కూడా న్యాయం. మండువాలో కూర్చుంటే కనిపించేది పాత పెంకే అని ఇంటి పెద్దమ్మగారు సంతోషించారు. నిర్ణయానికి అది కారణం కాకపోయినా, విన్నందుకు నాకూ బాగుంది.

బయట ఇంకా ఎన్ని కావాలో తేల్చడానికి విస్తీర్ణం కంటే మంచి కొలమానం ఇంటి మీదే ఉంది. నేసిన రెండు వాలులకూ పట్టినవి 604, 561. వాటి జతలకూ అంతే పడుతుందని పొడవులు మళ్లీ కొలిచి నిర్ధారించుకున్నాను. మొత్తం 2,330. వరుసల లెక్క కూడా వేశాను. ఉత్తరానికి 10 వరుసలు, తూర్పుకు 11 వరుసలు, ప్రతి వరుసకూ సగటు పొడవును 8¼తో భాగించి, రెండు కొసల్లోనూ మూలవాసం దగ్గర కోతకు కలిపి ఒక పెంకు చేర్చాను. అది 2,352 వచ్చింది. విస్తీర్ణం లెక్క 2,375 అంది. మూడు వేర్వేరు దారులు 45 పెంకుల లోపు కలిశాయంటే పెద్ద తప్పేదీ దాగి లేదని ధైర్యం. లెక్కపెట్టిన అంకెనే తీసుకున్నాను. అప్పటిదాకా కనబడిన పగుళ్లు నూటికి రెండుకు కొంచెం పైన కాబట్టి ఊహించిన 5కు బదులు 3 వేసుకుంటే 2,400. ఉన్నవి 2,100. తక్కువ పడే 300కు మరో 50 కలిపి 350 తెప్పించాను. ఆ 50 పని కోసం కాదు. ఐదేళ్ల తర్వాత కొబ్బరికాయ పడి నాలుగు పెంకులు పగిలితే ఇదే అచ్చు మళ్లీ దొరుకుతుందన్న హామీ లేదు.

కొప్పు పెంకుల విషయంలోనూ ఇటువంటి లోపమే సరిదిద్దాను. మేస్త్రి నడికొప్పు చుట్టూ 112 అడుగులే లెక్కించాడు. నాలుగు బయటి మూలలూ మిగిలాయి. కాగితం మీద మూల పొడవు 14 అడుగుల 2 అంగుళాలు కనిపిస్తుంది, కాని మూలవాసం కూడా ఎత్తు ఎక్కుతుంది కాబట్టి అసలు పొడవు 15 అడుగుల 2 అంగుళాలు. నాలుగూ కలిపి 61 అడుగులు చేరాయి. అతుకు పోను 14 అంగుళాలు కప్పే పెంకుతో 148 పట్టాయి, 160 తెప్పించాం. లోపలి పల్లపు మూలలూ అంతే పొడవు. రెండు వాలుల నీరూ అక్కడికే చేరుతుంది గనుక వాటి కింద జింకు రేకు పరిపించాను. దాని పొడవు కూడా ఈ 15 అడుగుల లెక్కతోనే, పైన అతుకు రాకుండా ఒకే ముక్కగా కోయించాం.

ఫలితం

మృగశిర కార్తెలో మొదటి వాన పడే నాటికి నాలుగు బయటి వాలులూ, రెండు లోపలి వాలులూ పూర్తయ్యాయి. మిగిలిన రెండింటినీ టార్పాలిన్ కింద ముగించారు. కొత్త పెంకులు మొత్తం 2,450 వచ్చాయి. అందులో 2,333 పైకి ఎక్కాయి, 69 పగిలాయి, 48 మిగిలాయి. పాతవాటిలో 1,262 ఎక్కాయి, 30 పగిలాయి, 348 మిగిలాయి. పాతవి ఇన్ని మిగలడం నా మొదటి లెక్క లోపాన్ని ఇప్పటికీ చూపిస్తోంది. కొత్తవి తక్కువ పడినన్ని ఇంచుమించు ఇవతల ఎక్కువయ్యాయి. 350 పెంకులకు విడిగా బండి కట్టించిన ఖర్చు, నాలుగు రోజుల కూలీ నష్టం నా వల్ల జరిగినవి. నా రుసుములో ఆ మేరకు తగ్గించుకున్నాను.

నేర్చుకున్నది

ఈ ఇంటి తర్వాత నా కొలతల వరుస మారింది. ఇప్పుడు ముందు చూరు అంచు నుంచి గుండు వదిలి నేల మీద ముగ్గుతో గీత గీయిస్తాను. గోడను కొలవడం మానేశాను, ఆ గీతనే కొలుస్తాను. వాలును ప్రతి వైపూ విడిగా, చూరు నుంచి కొప్పు దాకా పూర్తి ఎత్తుతో కొలుస్తాను. నడికొప్పు ఒకే మట్టంలో ఉండి గదుల వెడల్పు వేరుగా ఉంటే వాలు మారక తప్పదు, అది కంటికి తెలియకపోయినా సరే. పెంకు తీరును పుస్తకంలో చూడను. ఆరు పెంకులు నేల మీద నేయించి, అతుకులు పోను ఎంత కప్పాయో టేపుతో చూస్తాను. పాతవి వాడేటట్లయితే వాటికీ అదే పరీక్ష. రెండు రకాల కొలతలు పావు అంగుళం తేడా ఉన్నా వాటిని రెండు వేర్వేరు సామాన్లుగా రాస్తాను, వాటిని కూడను.

ఉపగ్రహ చిత్రాన్ని తీసిపారేయను. పైకి ఎక్కకుండా చూరు గీత ఎంతో చెప్పే సాధనం అది. పెంకు మీద కాలు పెడితే పగులుతుంది, జారితే మనిషి పడతాడు. అయితే కొబ్బరి మట్టల నీడలో అంచు తప్పుతుంది కాబట్టి నేల గీతతో సరిచూస్తాను. ఆ అబ్బాయికి ఫోన్ చేసి, నీ అంకెలో మండువా తీసేసి వాలు కలిపితే నా అంకెకు ఎంత దగ్గరగా వస్తుందో వివరంగా చెప్పాను.

మేస్త్రి ఇప్పుడు తన పుస్తకంలో ప్రతి ఇంటికీ రెండు విస్తీర్ణాలు రాసుకుంటున్నాడు: ఒకటి గోడలది, ఒకటి చూరుది. మొన్న మరో ఇంటి పని మీద కలిసినప్పుడు, వాలు అడుగుకు 5 అంగుళాలు వచ్చిందనీ, 12కు 13 చొప్పున పెంచితే సరిపోతుందా అనీ అడిగాడు. సరిపోతుందని చెప్పి, చూరు ఎంత దించారో అడిగాను. అప్పటికే కొలిచి ఉంచాడు.